వైఫై బలాన్ని కదిలే దీపాలుగా చూపడం: 24 లాంతర్లకు కొలతలు, మోటర్లు, వైరింగు

పోస్ట్ 1 · ఆకాశదీపం24

కార్తీక మాసంలో గుడి ధ్వజస్తంభం మీదికి తాడుతో ఆకాశదీపాన్ని లాగుతారు కదా, ఈ అమరికకు మూలం ఆ కదలికే. హాలు 6 మీటర్లు × 4 మీటర్లు, శ్లాబు ఎత్తు 3.5 మీటర్లు. మీటరుకొకటి చొప్పున 24 లాంతర్లు వేలాడతాయి. వైఫై బలాన్ని బట్టి ఒక్కొక్కటీ పైకీ కిందికీ కదలాలి. కింద మనుషులు తిరిగితే ఆ తేడా దీపాల్లో కనబడాలి.

ఇప్పటికి అనుకున్నది ఇదీ: ప్రతి లాంతరులో ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటరు చిప్పు). సిగ్నల్ కొలిచేదీ, దీపం వెలిగించేదీ అదే. పైన సర్వో మోటరు, 1.2 మీటర్ల ప్రయాణం. లాంతర్లకూ కంప్యూటరుకూ మధ్య ఈఎస్‌పీ-నౌ, అంటే ఆ బోర్డులు తీగ లేకుండా నేరుగా మాట్లాడుకునే పద్ధతి. వెలుగుకు డబ్ల్యూఎస్2812బీ రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు. సామాను ఇంకా కొనలేదు. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

పోస్ట్ 2 · తరంగదైర్ఘ్యం

సామాను సంగతి తర్వాత. ముందు ఏం చూపించాలో తేల్చుకోండి. "వైఫై" అంటే మూడు వేర్వేరు విషయాలు. ఒక చోట సిగ్నల్ ఎంత బలంగా ఉంది అన్నది ఒకటి. ఆ చానల్ మీద ఎంత రద్దీగా మాటలు నడుస్తున్నాయి అన్నది రెండోది. ఎవరి ఫోను మాట్లాడుతోంది అన్నది మూడోది. మూడింటినీ ఒకే కదలికలో కలిపేస్తే చూసేవాళ్లకు ఏదీ అర్థం కాదు.

ఈ దారిలో ముందే జరిగిన పనుల్లో 2011 నాటి ఓస్లో పనిని అందరూ తలుస్తారు. టిమో ఆర్నాల్, యోర్న్ క్నుట్సెన్, ఐనార్ స్నెవె మార్టినుసెన్ ముగ్గురూ కలిసి 4 మీటర్ల గడకు 80 దీపాలు అమర్చి, రాత్రి వీధుల్లో దాన్ని మోస్తూ లాంగ్ ఎక్స్‌పోజర్ ఫోటోలు తీశారు. 80 దీపాలంటే 80 చోట్ల కొలిచారని చాలామంది పొరబడతారు. గడ ఉన్న చోట బలం ఎంతో అంత ఎత్తు దాకా దీపాలు వెలుగుతాయి, అంతే. నిలువు కమ్మీ చార్టు అన్నమాట. అడుగడుగునా ఆ కమ్మీ ఫోటోలో నిలిచిపోయి, చివరికి వీధి పొడవునా ఒక తెర కట్టినట్టు కనిపిస్తుంది. ఒక్క కొలత, ఒక్క అర్థం. అందుకే ఆ ఫోటోలు నమ్మబుద్ధవుతాయి.

మీ ఆలోచనలో ఎత్తు అంటే బలం. దాన్ని అలాగే ఉంచి, రద్దీని వెలుగుకు అప్పగించండి. మోటరు నెమ్మది, దీపం వేగం. బలం సగటు నెమ్మదిగా మారుతుంది, ప్యాకెట్లు (వైఫైలో వెళ్లే డేటా ముక్కలు) మిల్లీసెకన్లలో వచ్చిపోతాయి. కాబట్టి ఈ పంపకం సహజంగా కుదురుతుంది.

పోస్ట్ 3 · రాగితీగ

ఫోన్‌తో నేరుగా వెలిగే పద్ధతి కూడా ఉంది. ఉర్సులా లావ్రెన్చిచ్, ఔకె టౌస్లాగర్ చేసిన సెల్‌ఫోన్ డిస్కోలో గోడ నిండా వేలాది ఎల్‌ఈడీలుంటాయి. దగ్గరలో ఎవరైనా కాల్ చేస్తే, ఫోను చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రం మేరకు అవి వెలుగుతాయి. సూత్రం పాతకాలపు మెరిసే ఫోన్ స్టిక్కరుదే.

దాన్ని ఇక్కడ ఇవాళ మళ్లీ కట్టాలంటే ఒక చిక్కుంది. ఆ స్టిక్కర్లు వెలిగింది జీఎస్‌ఎం (2జీ) వల్ల. 900 మెగాహెర్ట్జ్‌లో ఫోను గరిష్ఠంగా 2 వాట్ల దాకా, సెకనుకు 217 సార్లు పేలినట్టు పంపేది. 4జీ ఫోను గరిష్ఠం 23 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్లలో, అంటే డీబీలలో, చెప్పే శక్తి), అంటే 0.2 వాటు. పదో వంతు. జియోలో 2జీ లేనే లేదు. హాల్లో సగం మంది ఫోన్లకు షాట్కీ డయోడు, తీగ యాంటెన్నా పెట్టిన సాదా సర్క్యూటు స్పందించదు. పైగా టవరు దగ్గరుంటే ఫోను శక్తి తగ్గించుకుంటుంది, దూరమైతే పెంచుకుంటుంది. మంచి కవరేజీ ఉన్న హాల్లో దీపాలు మసకగా ఉంటాయి, సిగ్నల్ అందని నేలమాళిగలో బాగా వెలుగుతాయి. చూసేవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

అందుకని మీకు వైఫైయే మేలు. రౌటరు మీ చేతిలో ఉంటుంది.

పోస్ట్ 4 · తరంగదైర్ఘ్యం

రాగితీగ గారు చెప్పిన చివరి మాట ముఖ్యం. మూలం మీ చేతిలో ఉండాలి. ఇక కొలత.

మొదటి మార్పు: సెన్సరును లాంతరులో పెట్టకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అల పొడవు సుమారు 12.3 సెంటీమీటర్లు. గోడలకు తగిలి తిరిగొచ్చిన అలలు కలిసి, దాదాపు 6 సెంటీమీటర్లకో బలహీన స్థానం ఏర్పడుతుంది. లాంతరు కదిలితే కొలత మారుతుంది, కొలత మారితే లాంతరు మళ్లీ కదులుతుంది. ఎవరూ లేని హాల్లో 24 దీపాలూ ఊగిసలాడుతూనే ఉంటాయి. చూడ్డానికి బాగున్నా అది మీ అమరికలోని లోపమే, సిగ్నల్ కాదు.

సెన్సరు కదలకూడదు. నేల మీద 10 సెంటీమీటర్ల ఎత్తున ప్లైవుడ్ వేదిక వేయండి, 18 మిల్లీమీటర్ల పలక చాలు. 24 గడులు, గడికో ఈఎస్‌పీ32 పలక కింద. రౌటరు శ్లాబు మధ్యలో. ఎండిన ప్లైవుడ్ ఈ అలల్ని పెద్దగా ఆపదు. మనిషి ఒంట్లో నీరు ఎక్కువ కాబట్టి ఆపుతుంది. గడి మీద మనిషి నిలబడితే కింది సెన్సరులో బలం పడిపోతుంది, తల మీది లాంతరు కిందికి దిగుతుంది. నిలబడ్డవాళ్ల దగ్గరికి దీపం వచ్చినట్టుంటుంది.

సెన్సరు కింద 30 × 30 సెంటీమీటర్ల అల్యూమినియం రేకు పరచండి. బోర్డును దానికి సరిగ్గా 31 మిల్లీమీటర్ల పైన ప్లాస్టిక్ కాళ్ల మీద పడుకోబెట్టండి. అది అల పొడవులో పావు వంతు. ఆ ఎత్తులో రేకు నుంచి తిరిగొచ్చే అల, పైనుంచి వచ్చే అలతో కలిసొస్తుంది. రేకు లేకపోతే నేలలోని ఇనప కమ్ములు ఎక్కడున్నాయో దాన్నిబట్టి గడికో రకం కొలత వస్తుంది. బోర్డును రేకుకు ఆనించేస్తే యాంటెన్నా శ్రుతి తప్పి దాదాపు చెవిటిదవుతుంది.

రౌటరులో చేయాల్సినవి:

- 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. చానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచి స్థిరపరచండి. ఆటో వద్దు. రౌటరు చానల్ మార్చిన క్షణం 24 సెన్సర్లూ గుడ్డివవుతాయి.
- శక్తి 10 డీబీఎంకు తగ్గించండి. 3 మీటర్ల దూరానికి నష్టం సుమారు 50 డీబీ. సెన్సరుకు మైనస్ 40 డీబీఎం దరిదాపుల్లో చేరుతుంది. కొలవడానికి హాయైన చోటు అది.
- బీకన్ (రౌటరు తన ఉనికిని చాటుతూ పదేపదే పంపే చిన్న సందేశం) విరామం మామూలుగా 100 యూనిట్లు, అంటే 102.4 మిల్లీసెకన్లు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసిన రౌటరులో దాన్ని 50 చేయండి. సెకనుకు 19, 20 కొలతలు దొరుకుతాయి.

ఎత్తుకు బీకన్ బలాన్ని మాత్రమే వాడండి. బీకన్ ఎప్పుడూ ఒకే రేటులో, ఒకే శక్తితో వస్తుంది. డేటా ప్యాకెట్ల రేటు మారుతుంది, దానితో శక్తీ మారొచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే ఎవరో వీడియో చూసినందుకు లాంతరు కిందికి దిగుతుంది.

పోస్ట్ 5 · ఆకాశదీపం24

దీపం మనిషి దగ్గరికి దిగడం నా అసలు ఆలోచన కన్నా బాగుంది. వేదిక వేస్తాను. ఒక అనుమానం. రౌటరు మధ్యలో ఉంటే మూల గడులకు సిగ్నల్ ఏటవాలుగా వస్తుంది కదా? మూలలో నిలబడితే సరిగ్గా అదే లాంతరు దిగుతుందా?

పోస్ట్ 6 · తరంగదైర్ఘ్యం

మూల గడి మధ్య నుంచి రౌటరుకు అడ్డంగా 2.9 మీటర్లు, నిలువుగా 3.3 మీటర్లు. ఒక మీటరు లోపలి వైపు వచ్చేసరికి ఆ గీత వేదిక మీద మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అంటే లోపలి పక్క గడిలో నిలబడ్డ మనిషి నడుము కూడా దానికి అడ్డే. మూలల్లో రెండు లాంతర్లు దిగుతాయి అనుకోండి: నిలబడ్డ గడిదీ, దాని బయటి పక్కదీ.

దాన్ని సరిదిద్దకండి. వీధి దీపం కింద నడిచే మనిషి నీడ బయటికి సాగినట్టే ఇదీ సాగుతుంది. మీరు చూపిస్తున్నదే రేడియో నీడ. అంచులు మాత్రం పదునుగా ఉండవు. 12 సెంటీమీటర్ల అల 40 సెంటీమీటర్ల వెడల్పున్న మనిషి చుట్టూ వంగిపోతుంది, గోడల నుంచి వచ్చింది కొంత నీడను నింపేస్తుంది. 4 నుంచి 10 డీబీ తగ్గుదలకు సిద్ధపడండి. 15 దాటడం అరుదు.

పోస్ట్ 7 · సున్నా_ఓల్టు

ఈఎస్‌పీ32 వైపు వివరాలు.

బోర్డును ఏ నెట్‌వర్కుకూ కలపొద్దు. వైఫై మోడ్ నల్‌లో పెట్టి ప్రామిస్క్యువస్ మోడ్ తెరిస్తే ఎవరు ఎవరికి పంపిన ప్యాకెట్లైనా వింటుంది, తను ఏమీ పంపదు. ప్రతి ప్యాకెట్‌తో పాటు దాని బలం డీబీఎంలో అందుతుంది. మీ రౌటరు చిరునామా ఉన్న బీకన్లను ఒక పక్క, మిగతా అన్నిటినీ మరో పక్క వేయండి. మొదటివి ఎత్తుకు. రెండోవి 50 మిల్లీసెకన్లకు ఎన్ని వచ్చాయో లెక్కే, అది వెలుగుకు.

చానల్ నుంచి చానల్‌కు గెంతొద్దు. 13 చానళ్లు తిరిగి రావడానికి ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు ఇచ్చినా సెకనుకు పైగా పడుతుంది. ఆలోపు మనిషి గడి దాటేస్తాడు.

రెండు బోర్డులు పక్కపక్కన పెట్టినా కొలత కొన్ని డీబీ తేడా చూపిస్తుంది. అసలు అంకెను నమ్ముకోకుండా, హాలు ఖాళీగా ఉన్నప్పుడు 2 నిమిషాల కొలతల మధ్యగతాన్ని (వరసగా పేరిస్తే నడిమి అంకెను) ప్రతి సెన్సరుకూ మూలవిలువగా రాసుకోండి. తర్వాత దాన్నుంచి ఎంత తగ్గిందో మాత్రమే లెక్కలోకి తీసుకోండి. రోజంతా ఈ మూలవిలువ కొద్దిగా జారుతుంది, 10 నిమిషాల కాలంతో దాన్ని నెమ్మదిగా సరిచేసుకుంటూ పోవచ్చు. అయితే తగ్గుదల 4 డీబీ దాటిన గడిలో ఆ సవరణ ఆపేయాలి. లేకపోతే ఒకరు చాలాసేపు నిలబడితే అమరిక వాళ్లని మెల్లగా మరిచిపోతుంది, వెళ్లిపోయాక లాంతరు అకారణంగా పైకి ఎగబాకాలని చూస్తుంది.

వడపోత: చివరి 5 కొలతల మధ్యగతం, దాని మీద 0.2 గుణకంతో సగటు. సుమారు 0.3 సెకన్ల ఆలస్యం. చాలు.

లాగ్ డిటెక్టరు ఎందుకు కాదని అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నా. ఏడీ8318 చిప్పు 1 మెగాహెర్ట్జ్ నుంచి 8 గిగాహెర్ట్జ్ దాకా ఏ శక్తినైనా ఓల్టేజీగా మారుస్తుంది, డీబీకి సుమారు 25 మిల్లీఓల్టులు, బలం పెరిగితే ఓల్టేజీ తగ్గుతుంది. మైక్రోవేవ్ ఓవెను కూడా దానికి కనిపిస్తుంది. అర్థమయ్యే ప్యాకెట్లే వినే ఈఎస్‌పీ32కు అది కనిపించదు. ఆ మేరకు లాగ్ డిటెక్టరే నిజాయితీపరురాలు. కానీ ముందు 2.4 గిగాహెర్ట్జ్ ఫిల్టరు లేకుంటే ఎఫ్‌ఎం స్టేషన్లు, టవర్లు అన్నీ కలిసిపోతాయి. మైనస్ 60 డీబీఎం కిందికి వినలేదు. చాలా ప్యాకెట్లు మిల్లీసెకను కన్నా చిన్నవి, సెకనుకు 860 సార్లు మాత్రమే చదివే ఏడీఎస్1115 అనే ఏడీసీ (ఓల్టేజీని అంకెగా మార్చే చిప్పు) వాటిని దాటేస్తుంది, గరిష్ఠాన్ని పట్టి ఉంచే పీక్ హోల్డ్ సర్క్యూటు కావాలి. ఈఎస్‌పీ32 సొంత ఏడీసీ2 పిన్నులు వైఫై నడుస్తుంటే పనికిరావు. 24 చోట్ల ఇంత పని దండగ. ఒక మూల ఒక్కటి పెట్టి పోల్చి చూపిస్తే మంచిదే.

పోస్ట్ 8 · కప్పీతాడు

మెకానికల్ మాటకొద్దాం. ముందు ఎత్తు లెక్క తప్పింది.

శ్లాబు 3.5 మీటర్లు. తాడు చుట్టే విన్చికి 0.15, లాంతరుకు 0.25, వేదికకు 0.10 తీసేస్తే మిగిలింది 3.0. లాంతరు అడుగు వేదిక నుంచి 2.1 మీటర్ల కిందికి రాకూడదు, పొడగరి తల వంచకుండా నడవాలి కదా. ప్రయాణం 0.9 మీటర్లే. 1.2 పెడితే తలలకు తగులుతుంది.

సర్వో వద్దు. మామూలు సర్వో 180 డిగ్రీలే తిరుగుతుంది, 0.9 మీటర్ల తాడుకు పెద్ద చక్రం కావాలి, నిలబడి ఉన్నప్పుడూ గురగురలాడుతుంది. నీమా 17 స్టెప్పరు (మెట్టు మెట్టుగా తిరిగే మోటరు), 40 మిల్లీమీటర్ల ఒళ్లు ఉన్నది, 0.4 న్యూటన్ మీటరు. డ్రైవరు టీఎంసీ2209, చప్పుడు తగ్గించే స్టెల్త్‌చాప్ మోడులో. 24 మోటర్లు ఒకేసారి తిరిగినా హాల్లో మాట వినిపించాలంటే ఇదే.

డ్రమ్ము వ్యాసం 40 మిల్లీమీటర్లు, చుట్టుకు 126 మిల్లీమీటర్లు, 0.9 మీటరుకు 7 చుట్లు పైన. డ్రమ్ము మీద 3 మిల్లీమీటర్లకో గాడి వేయించండి. గాడి లేకుంటే తాడు తాడు మీదెక్కి వ్యాసం మారి, వారంలో 24 లాంతర్లూ ఒక వరసలో ఉండవు. వేగం సెకనుకు 0.25 మీటర్లు, అంటే నిమిషానికి 120 చుట్లు. 16 మైక్రోస్టెప్పులతో సెకనుకు సుమారు 6,400 పల్సులు.

లాంతరు 300 గ్రాములైతే 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మీద 0.059 న్యూటన్ మీటరు. మోటరుకు ఇది తేలిక. సమస్య కరెంటు పోయినప్పుడు. విద్యుత్తు లేని నీమా 17 సహజ పట్టు 0.015 ప్రాంతంలోనే ఉంటుంది. 24 లాంతర్లూ ఒక్కసారి జారి పడతాయి. అదే డ్రమ్ము మీద వ్యతిరేక దిశలో 250 గ్రాముల ఎదురు బరువు చుట్టండి. మిగిలే తేడా 50 గ్రాములు, 0.01 న్యూటన్ మీటరు. మోటరు సహజ పట్టే ఆపేస్తుంది. ఊరి బావి గిలకకు రెండు చేదలు కట్టినట్టే. ఎదురు బరువు పైకొచ్చే దారిలో పీవీసీ పైపు గొట్టం పెట్టండి, ఊగి పక్క తాడును పట్టుకోకుండా.

తాడు: 0.5 మిల్లీమీటర్ల అల్లిన చేపల గాలం దారం. నైలాన్ ఒంటి పోగు సాగుతుంది, వద్దు. దానితోపాటు శ్లాబు నుంచి ప్రతి లాంతరుకూ 1 మిల్లీమీటరు స్టీలు తీగ వదులుగా, అడుగు స్థానం కన్నా 5 సెంటీమీటర్లు మాత్రమే పొడవుగా. దారం తెగినా తల మీద పడదు. శ్లాబుకు ఎం6 యాంకర్ బోల్టులు. పీఓపీ ఫాల్స్ సీలింగుకు దేన్నీ బిగించొద్దు.

హోమింగ్‌కు, అంటే మొదలయ్యేటప్పుడు లాంతరు స్థానం తెలుసుకోవడానికి, పైన లిమిట్ స్విచ్చి పెట్టండి. అడ్డు తగిలితే గుర్తించే స్టాల్‌గార్డ్ ఇంత తేలిక బరువుతో, ఎదురు బరువుతో నమ్మకంగా పనిచేయదు.

సింగపూరు చాంగి విమానాశ్రయం టెర్మినల్ 1లో 2012లో పెట్టిన కైనెటిక్ రెయిన్ వీడియోలు చూడండి. 1,216 బిందువులు, ఒక్కోదానికి సొంత మోటరు. అక్కడ సిగ్నల్ ఏమీ లేదు, ముందే రాసిన నాట్యం. కానీ మొదలవడం, ఆగడం ఎంత మెత్తగా ఉందో గమనించండి. త్వరణాన్ని సెకనుకు సెకనుకు 0.3 మీటర్లకు మించనివ్వకండి, లాంతరు ఊగదు.

పోస్ట్ 9 · కొత్తకొమ్మ

ఈఎస్‌పీ-నౌ గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది వాడితే వైర్లే ఉండవు కదా, ఎందుకు కాదు?

పోస్ట్ 10 · సున్నా_ఓల్టు

ఈఎస్‌పీ-నౌ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే మాట్లాడుతుందండీ. 24 బోర్డులు సెకనుకు 20 సార్లు పంపితే 480 ప్యాకెట్లు. అవన్నీ పక్క సెన్సర్లు లెక్కేసుకుంటాయి. దీపాలు తమ మాటలకు తామే వెలుగుతాయి. పైగా బోర్డు పంపుతున్న క్షణంలో వినలేదు. మీరు కొలిచే గాలిలో మీరు నోరు మెదపకూడదు.

ఆర్‌ఎస్-485 (ఒకే తీగ జత మీద చాలా పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) తీగ లాగండి. క్యాట్6 తీగలో ఒక జత డేటాకు. ఒక బస్సుకు (అలా పంచుకునే తీగకు) మామూలు చిప్పులతో 32 పరికరాలే పరిమితి, మీకు 24 సెన్సర్లు, 6 మోటరు బోర్డులు, ఒక ప్రధాన బోర్డు, మొత్తం 31. అంచు మీద నడవకుండా రెండు బస్సులు చేయండి: వేదిక కింద సెన్సర్లది ఒకటి, శ్లాబు మీద మోటర్లది ఒకటి. ప్రతి బస్సుకూ రెండు చివర్లలో మాత్రమే 120 ఓముల రెసిస్టరు. మధ్యలో నక్షత్రంలా కొమ్మలు చీల్చొద్దు, గడి నుంచి గడికి గొలుసులా వెళ్లాలి.

115,200 బాడ్ వేగంతో ఒక సెన్సరును అడిగి జవాబు తీసుకోవడానికి 2 మిల్లీసెకన్లు. 24 గడులకు 48. సెకనుకు 20 చుట్లు, మీ బీకన్ వేగంతో సరిగ్గా సరిపోతుంది.

టీఎంసీ2209లకు ఒక యూఆర్ట్ తీగ మీద 4 చిరునామాలే ఉంటాయి. అందుకే బోర్డుకు 4 మోటర్లు, 6 బోర్డులు. ఈ 6 బోర్డుల్లో వైఫై అసలు తెరవకండి.

పోస్ట్ 11 · చీకటిగది

వెలుగు సంగతి.

డబ్ల్యూఎస్2812బీ వదిలేయండి. ప్రతి లాంతరుకూ డేటా తీగ కావాలి, ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 3.3 ఓల్టుల డేటాకు మధ్యలో లెవెల్ షిఫ్టరు పెట్టాలి. మీరు చూపేది ఒకే ఒక పరిమాణం, ఇంద్రధనుస్సు అక్కర్లేదు. 12 ఓల్టుల 3 వాట్ల వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ ఒకటి, వెనక అల్యూమినియం స్టారు పలకతో. పైన మోటరు బోర్డు దగ్గరే ఏఓ3400 మాస్‌ఫెట్‌తో పీడబ్ల్యూఎం (వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగును మార్చే పద్ధతి). కిందికి రెండు తీగలే. 250 మిల్లీఆంపియర్లు.

తీగ డ్రమ్ముకు చుట్టాలంటే తిరుగుతూనే కరెంటు అందించే స్లిప్ రింగులు 24 కావాలి. అంతకన్నా సులువు, పాత ల్యాండ్‌లైన్ రిసీవరు మెలికల తీగ. 4 పోగులుంటాయి, రెండేసి కలిపి ఒక ధ్రువానికి. గాలం దారానికి 10 సెంటీమీటర్ల పక్కనుంచి శ్లాబుకు వేలాడదీయండి. సాగుతుంది, ముడుచుకుంటుంది, తిరిగే భాగం ఏదీ ఉండదు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను దుకాణాల్లో అడిగి చూడండి. విడి తీగ దొరక్కపోతే పాత ఫోన్ల నుంచి తీసుకోవచ్చు.

పీడబ్ల్యూఎం 10 కిలోహెర్ట్జ్, 12 బిట్లు. ఈఎస్‌పీ32కు 12 బిట్లతో 19 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. 1 కిలోహెర్ట్జ్‌లో పెడితే చూడవచ్చినవాళ్ల ఫోన్ వీడియోలో అడ్డ చారలు. గామా 2.2 (కంటికి కనిపించే తీరుకు వెలుగును సరిచేసే లెక్క) పెట్టకపోతే సగం రద్దీకే దీపం నిండుగా కనిపించి పైసగం తేడా తెలియదు.

లాంతరు వెదురు పుల్లలు, పలచని కాగితం. చుట్టూ అందంగా ఉంటుందని జరీ ఉన్న బట్ట కట్టొద్దు. అసలు జరీ లోహం, అద్దంలా అలల్ని తిప్పికొడుతుంది, అదీ కదిలే అద్దం.

ఫోటోకు: హాలు పూర్తి చీకటి, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 15 నుంచి 30 సెకన్లు. ఆ వ్యవధిలో లాంతరు ఎక్కువసేపు ఆగిన ఎత్తు గట్టిగా, దాటిపోయిన ఎత్తు పలచగా పడుతుంది. ఒక్క చిత్రంలో ఆ అరనిమిషపు బలం పంపిణీ అంతా చదువుకోవచ్చు.

పోస్ట్ 12 · రాగితీగ

కరెంటు లెక్క. మోటరుకు 0.8 ఆంపియర్లు పెడితే నిలిచి ఉన్నప్పుడు 3 వాట్ల లోపు, కదిలేటప్పుడు 8 దాకా. 24 × 8 = 192 వాట్లు. 24 ఓల్టుల 15 ఆంపియర్ల సప్లై ఒకటి. దీపాలు 72 వాట్లు, 12 ఓల్టుల 10 ఆంపియర్లది ఒకటి. వేదిక కింద సెన్సర్లకు 12 ఓల్టులే పంపి, ప్రతి గడిలో చిన్న బక్ కన్వర్టరుతో 5 చేసుకోండి. 5 ఓల్టులనే ఒక మూల నుంచి పంపితే చివరి గడికి 4.4 చేరి, బోర్డు దానంతటది రీసెట్ అవుతుంటుంది. బక్ కన్వర్టరును యాంటెన్నా వైపు కాకుండా రేకు కింద పెట్టండి.

కరెంటు ఉన్నప్పుడు డ్రైవరు నుంచి మోటరు ప్లగ్గు లాగొద్దు. టీఎంసీ2209 అక్కడికక్కడే పోవచ్చు. ప్రతి డ్రైవరు పక్కన 100 మైక్రోఫారాడ్ల కెపాసిటరు తప్పనిసరి.

పోస్ట్ 13 · వెన్నెల_వీధి

నాదొక సూచన. జనం లేని వేళ అన్ని లాంతర్లూ పైన కదలకుండా ఉంటే బోసిగా ఉంటుంది. తలుపు తీసుకుని వచ్చేవాళ్లకు మొదటి చూపులోనే ఆకర్షణ కావాలి. ఖాళీ వేళల్లో కొంచెం రాండమ్ కదలిక కలపండి, ఎవరికీ తేడా తెలియదు.

పోస్ట్ 14 · తరంగదైర్ఘ్యం

వద్దండీ, దీన్ని గట్టిగా కాదంటాను. రాండమ్ కలిపిన రోజు నుంచి ఆ దీపాలు ఏం చేసినా అది సిగ్నలో కాదో చెప్పే దారి పోతుంది. చూసేవాళ్లకు తేడా తెలియకపోవడమే అసలు ప్రమాదం. 1887లో రేడియో అలల మీద ప్రయోగాలు చేసిన హెర్ట్జ్ తన తీగ చట్రం సందులో చూసింది చీకటి గదిలోనే కనిపించే చిన్న నిప్పురవ్వ. అది అలంకారం కాదు కాబట్టే దానికి అంత విలువ.

ఖాళీ హాలు నిశ్చలంగా కూడా ఉండదు. పక్క భవనాల నెట్‌వర్కుల ప్యాకెట్లతో దీపాల వెలుగు అల్లల్లాడుతూనే ఉంటుంది. ఎత్తు మాత్రమే నిలకడగా ఉంటుంది, మనుషులు లేనప్పుడు క్షేత్రం ఉండేది అలాగే.

కదలికే కావాలంటే నిజమైన సిగ్నల్‌నే కదిలించండి. ఖాళీ వేళల్లో రౌటరు ప్రసార శక్తిని 4 డీబీఎం నుంచి 14 దాకా 20 సెకన్లలో పెంచుతూ తగ్గిస్తూ పోండి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో చిన్న స్క్రిప్టు చాలు. హాలంతా ఊపిరి పీల్చినట్టు దిగి ఎక్కుతుంది. అది గాలిలో జరిగినదే. ఆ సమయంలో మూలవిలువను 14 డీబీఎం దగ్గర తీసిన దానికే కట్టేసి ఉంచండి, సవరణ ఆపండి. కొన్ని రౌటర్లు అడిగిన శక్తిని ఒప్పుకున్నట్టు చెప్పి పాత శక్తితోనే పంపుతాయి, కాబట్టి ముందు ఒక సెన్సరుతో సరిచూడండి.

పోస్ట్ 15 · వెన్నెల_వీధి

శక్తిని మార్చే పద్ధతి ఉందని తట్టలేదు. ఇది రాండమ్ కన్నా మేలు, ఒప్పుకుంటున్నాను.

పోస్ట్ 16 · కొత్తకొమ్మ

చూడవచ్చినవాళ్ల ఫోన్ల ప్యాకెట్లు పట్టుకుంటున్నాం కదా. ఇబ్బంది లేదా?

పోస్ట్ 17 · సున్నా_ఓల్టు

లెక్క మాత్రమే పెట్టండి. ప్యాకెట్ లోపలి సంగతి చదవొద్దు, పంపినవాళ్ల మ్యాక్ చిరునామాను (పరికరపు గుర్తింపు సంఖ్యను) ఎక్కడా నిల్వ చేయొద్దు, హ్యాష్ చేసి (సంకేతంగా మార్చి) కూడా. ఇక్కడ దాని అవసరమే లేదు. 50 మిల్లీసెకన్లకో అంకె బయటికి వచ్చాక మిగతాదంతా చెరిగిపోవాలి. 2023 డేటా రక్షణ చట్టం తర్వాత ఈ జాగ్రత్త కళాకృతులకూ వర్తిస్తుందనుకునే పనిచేయండి. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు చిరునామాలను మార్చుకుంటూ పోతాయి, వాటితో మనుషుల్ని లెక్కపెట్టినా తప్పు లెక్కే వస్తుంది. గుమ్మం దగ్గర పలక మీద ఏం కొలుస్తున్నారో, ఏం దాచుకోవడం లేదో తెలుగులో రెండు వాక్యాలు రాయండి.

తమ ఫోనుతో దీపం వెలిగించాలనుకునేవాళ్లకు ఇంకో మాట. మొబైల్ డేటా మీద ఉన్న ఫోను, 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉన్న ఫోను మీ దీపాలకు కనిపించవు. మీ రౌటరులో 2.4 మాత్రమే ఉన్న ఓపెన్ నెట్‌వర్కు ఇచ్చి, క్యూఆర్ కోడుతో ఒక పేజీ తెరిపించండి. ఆ పేజీ సెకనుకు 10 చిన్న సందేశాలు పంపితే చాలు. గడి మీద నిలబడ్డవాళ్ల ఫోను బలం మైనస్ 35 డీబీఎం దాటుతుంది, దూరపు ప్యాకెట్ల నుంచి దాన్ని విడదీసి ఆ గడి దీపాన్ని నిండుగా వెలిగించొచ్చు. నెట్‌వర్కులో ఇంటర్నెట్ లేకపోతే ఫోన్లు తమంతట తామే మొబైల్ డేటాకు మారిపోతాయి, అందుకని సన్నటి ఇంటర్నెట్ అయినా ఇవ్వండి.

పోస్ట్ 18 · ఆకాశదీపం24

అందరికీ ధన్యవాదాలు. మార్చిన పథకం: సెన్సర్లు వేదిక కింద, రౌటరు శ్లాబుకు, నీమా 17 మోటర్లు ఎదురు బరువులతో, 0.9 మీటర్ల ప్రయాణం, ఆర్‌ఎస్-485 రెండు బస్సులు, మెలికల తీగతో 3 వాట్ల దీపాలు. తగ్గుదలకు ఎత్తు ఇలా అనుకుంటున్నా: 3 డీబీ దాకా కదలిక లేదు, 3 నుంచి 15 డీబీకి 0.9 మీటర్లు, అంటే డీబీకి 7.5 సెంటీమీటర్లు. సరేనా?

పోస్ట్ 19 · కప్పీతాడు

15 దాకా సాగదీస్తే లాంతరు ఎప్పుడూ సగం దారిలోనే ఆగుతుంది, ఎందుకంటే మీకు వచ్చేది 4 నుంచి 10 అని పైన చెప్పారు. 3 నుంచి 11కు సరిపెట్టండి, డీబీకి 11 సెంటీమీటర్లు. కొత్త గమ్యం పాతదానికి 1 డీబీ కన్నా దగ్గరగా ఉంటే మోటరును లేపొద్దు. ఈఎస్‌పీ32 అంకె 1 డీబీ మెట్టుగానే వస్తుంది, ఆ మెట్టు మీద దీపం వణుకుతూ ఉంటుంది.

24 ఒకేసారి కొనకండి. 2 × 2 గడులు, 4 మోటర్లు, ఒక బోర్డుతో మొదలుపెట్టి మూడు పరీక్షలు చేయండి. రౌటరు ప్లగ్గు తీస్తే బీకన్లు ఆగిపోతాయి. అప్పుడు నాలుగూ అడుగుకు దిగి ఆగాలి, పాత అంకెతో పైనే వేలాడకూడదు. అంటే సెకను పాటు బీకన్ రాకపోతే సిగ్నల్ లేదని, తగ్గుదల పూర్తి అని కోడులో రాయాలి. 20 లీటర్ల నిండు నీళ్ల క్యాను గడి మీద పెడితే లాంతరు దిగాలి, ఖాళీ క్యాను పెడితే కదలకూడదు. చివరగా మెయిన్ స్విచ్చి ఆపండి. లాంతర్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటే ఎదురు బరువులు సరిపోయినట్టు. ఒక్కటి కిందికి జారినా దాని ఎదురు బరువు డబ్బాలో ఇసక ఇంకో 20 గ్రాములు పోసి మళ్లీ చూడండి.